కత్తిరించిన ఆకు

మొన్న శుక్రవారం పొద్దున ఖాలా పోయింది. ఆమె కోడలు వచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. మూడు నెలలుగా గోడ అవతల నుంచి వినబడిన దగ్గు ఆగిపోయింది. ఏడుపు కంటే ముందు, పోనీలే, ఇక పడుకుంటుంది అనుకున్నాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. హిందువులకైనా ముస్లింలకైనా మా వాడంతటికీ ఆమె ఖాలానే. మెట్‌పల్లిలో బీడీలు చుట్టే మా ఆడవాళ్లకు సంఘమన్నా ఆమే. ఉపన్యాసం రాదు. పాన్ నములుతూ, తిడుతూ అందరినీ తన వాకిట్లో కూర్చోబెట్టేది. బంద్ చేయాలా వద్దా అని తేల్చాల్సి వస్తే మాత్రం చేతులెత్తనిచ్చేది కాదు. “పక్కదాన్ని జూసి లేసే చెయ్యి ఓటు గాదు,” అనేది.

ఆమె పద్ధతి వేరు. ప్రతి ఒక్కరూ కొంగులో రెండు తునికాకులు తెచ్చుకోవాలి, ఒకటి బీడీకి కత్తిరించింది, ఒకటి కత్తిరించనిది. గదిలోకి ఒక్కొక్కరే వెళ్లి ఒక ఆకు సంచిలో వేయాలి. కత్తిరించనిదైతే బంద్, కత్తిరించిందైతే పని. మొదటిసారి కత్తెరలు కూడా వెంట తెచ్చుకున్నాం. మాటలు వింటూ వింటూ సగం మంది అలవాటుగా రెండో ఆకునూ కత్తిరించేశారు. ఖాలా నెత్తి కొట్టుకుని, ఇళ్లకు పంపి మళ్లీ ఆకులు తెప్పించింది. అప్పటి నుంచి కత్తెరలు గడప బయటే.

నాలుగేళ్ల కింద, మాకు ఆకు ఇచ్చి బీడీలు చుట్టించుకునే ఠేకేదారు ఆకు తక్కువ తూచి, బీడీలు మాత్రం తగ్గొద్దన్నాడు. తక్కువ పడ్డ ఆకు మేమే కొనుక్కోవాలట. బంద్ చేయాల్సిందేనని అందరం అన్నాం, అందరికంటే గట్టిగా నేనే అన్నాను. అప్పటికి మా ఆయన దుబాయ్‌లో నడుం దెబ్బతిని వచ్చి మంచంలో ఉన్నాడు. బంద్ అంటే మా ఇంట్లో తిండికీ బంద్. గదిలోకి పోయి కత్తిరించిన ఆకు వేసి వచ్చాను.

రెండు ఆకుల తేడాతో బంద్ ఓడిపోయింది.

వాడ భగ్గుమంది. ఎవరి కత్తిరింపు ఎలా ఉంటుందో మాలో మాకు తెలుసు, చేతిరాత లాంటిదే. ఆకులు కింద పోసి చూద్దామన్నారు. నేను గడప వైపు జరిగాను. ఖాలా సంచి తీసుకుపోయి మండే పొయ్యిలో గుమ్మరించింది.

“ఇయ్యాల ఎవ్వలదని జూస్తే రేపు ఎవ్వలు నిజం ఏస్తరు? పోండ్రి, పని జేస్కోండ్రి.”

మర్నాటి నుంచి అదే తక్కువ ఆకుతో ఆమే అందరికంటే ముందు చాట పట్టుకుని కూర్చుంది. ఠేకేదారుకు అమ్ముడుపోయిందని అన్నవాళ్లున్నారు. ఆమె జవాబు చెప్పలేదు. చెప్పగలిగిన నేనూ నోరు విప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

పోయిన నెల, ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఇక మోయలేక చెప్పేశాను. “ఖాలా, గప్పుడు కత్తిరిచ్చిన ఆకు ఏసింది నేనే.”

ఖాలా దగ్గు తెర ఆగనిచ్చింది. తర్వాత నా వైపు చూసింది.

“నేను గూడ గదే ఏసిన బేటీ. జర అలిసిపోయిన.”

నిజమో, నా మనసు కుదుటపడాలని అన్నదో తెలియదు. అడిగే ధైర్యం చాలలేదు. ఖాలా గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. దుప్పటి మీద ఆమె బొటనవేలూ చూపుడువేలూ మాత్రం లేని బీడీని చుడుతూనే ఉన్నాయి.