దండం పెడితే కదిలిన సాంచ

మొన్న కంటి ఆసుపత్రిలో కుళాయి తిప్పబోతే తిప్పడానికి ఏమీ కనబడలేదు; చేయి కింద పెట్టగానే నీళ్లు వాటంతటవే వచ్చాయి, నేను ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కున్నాను. నా ఈడు వాళ్లు చాలామంది ఇలాంటివి చూసి ముచ్చటపడతారు. నాకు మాత్రం కరోనా ఏళ్లలో మేం బతుకుదెరువుకు వలస వెళ్లిన ఉధ్నా అనే బట్టల మిల్లుల ఊళ్లోని మా షెడ్డు గుర్తుకొస్తుంది.

నేనూ, మా అక్క భర్త అయిన బావా ఆ షెడ్డులో చాలా ఏళ్లు మరమగ్గాలు నడిపాం. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి పోగు తెగిందన్నా, కండె అయిపోయిందన్నా, చివరికి చాయ్ వచ్చిందన్నా చేతి సైగలతోనే చెప్పుకునేవాళ్లం. బావ కూతురు కాలేజీలో పరిశోధన చేసేది. కీబోర్డూ మౌసూ లేకుండా మనిషి కంప్యూటరుతో ఎలా పని చేయించుకోవచ్చన్నది ఆమె విషయం. పదిమంది తాకిన స్విచ్చు తాకాలంటే భయపడే రోజులవి. మా సైగలను కెమెరా గుర్తుపట్టి సాంచను నడిపేలా చేస్తే బాగుంటుందని ఆమెకు తోచింది. షెడ్డు యజమాని సేఠ్ మూలనున్న పాత సాంచ ఒకటి ఇస్తే, ఆమె దానికి కెమెరా బిగించింది.

ఆపడానికి అరచేయి చూపాలనుకున్నాం. నడపడానికి చేతులు జోడించాలన్నది నేనే. షిఫ్టు మొదట్లో సాంచకు దండం పెట్టనిదే మేం పని మొదలుపెట్టేవాళ్లం కాదు. పైగా భజన మండలిలో పారాయణం చేసేవాణ్ణి, ఏ పనైనా నమస్కారంతోనే మొదలవ్వాలని నా పట్టు.

"ఏందిరా బామ్మర్దీ, గీ సాంచకు హారతి గూడ ఇయ్యాల్నా?" అని బావ ఎగతాళి చేశాడు.

"ఇస్తే తప్పేంది బావా? తిండి పెడ్తలేదా?" అన్నాను.

ఒక శనివారం పొద్దున మిగతా సాంచాలన్నీ ఆగి ఉన్నాయి, మేం ముగ్గురం కెమెరా సాంచను పరీక్షిస్తున్నాం. గుడి మూసి ఉండడంతో మండలి ఫోనులోనే కలిసేది. నా జేబులో భజన సాగుతూనే ఉంది. బావ తెగిన పోగు అతకడానికి సాంచలో చేయి పెట్టాడు. మెయిన్ స్విచ్చు ఆపకుండా అతకడం మాకు మామూలే. నేను కెమెరా ఎదుట నిలబడి ఉన్నాను. ఫోనులో హారతి గంట మోగింది. ఆ గంట వింటే నా చేతులు నన్ను అడగవు. కళ్లు మూసుకుని జోడించాను.

సాంచ కదిలింది. మేనకోడలు కేక పెట్టి మెయిన్ ఆపేసరికే బావ రెండు వేళ్లు నలిగిపోయాయి. రెండు ఆసుపత్రులు మంచాల్లేవని పంపేస్తే మూడోచోట చేర్చుకున్నారు. వేళ్లు దక్కలేదు.

కట్టుతో పడుకున్న బావే నన్ను నవ్వించాలని చూశాడు: "నీ దండం దేవునికి ముట్టిందో లేదో గని, నాకైతే మంచిగనే ముట్టింది." నాకు నవ్వు రాలేదు.

తప్పు నాదని రాయమని మేనకోడల్ని బతిమాలాను. "సైగ నువ్వు చెప్పినవ్ మామా, ఒప్పుకున్నది నేను," అంది. మనిషి తలవకుండానే చేసే సైగను యంత్రానికి ఆజ్ఞగా ఇవ్వడం తన పొరపాటని పరిశోధనలో రాసుకుంది.

దేవుడు చేతులను కాదు, మనసులోని భావాన్ని చూస్తాడని పారాయణంలో ఎన్నిసార్లు చెప్పానో. ఆ కెమెరాకు నా చేతులే కనిపించాయి.

ఇప్పుడు గుడి తెరిచారు. మండలిలో బావ నా పక్కనే కూర్చుంటాడు, మిగిలిన మూడు వేళ్లతోనే తాళం వేస్తాడు. నా నమ్మకం ఏమీ తగ్గలేదు. కానీ గంట మోగగానే అందరి చేతులూ కలుస్తాయి. నావి మాత్రం కాస్త ఆలస్యంగా, బావ చేతులు రెండూ ఎక్కడున్నాయో చూసుకున్నాకే కలుస్తాయి.