గోలీసోడా ఆడిన మ్యాచి

రాస్తున్నావా? ముందు ఇది రాయి. మా అన్నయ్యని కాలేజీలో అందరూ గోలీసోడా అని పిలిచేవాళ్లు. నవ్వింది చాలు, రాయవే.

గోలు ముందు నిలబడి బంతి ఆపేవాణ్ణి గోలీ అంటారు కదా, అన్నయ్య బందరు కాలేజీ ఫుట్‌బాల్ టీములో రెండో గోలీ. మొదటివాడు నిక్షేపంలా ఉంటే రెండోవాడికి పనేముంటుంది? గీత బయట కూర్చుని, ఆటగాళ్లకి తెచ్చిన గోలీసోడాల పెట్టెకి కాపలా కాయడమే. మూడేళ్లు అదే పని. బి.ఏ. ఆఖరేడు వచ్చేసింది, ఒక్క మ్యాచిలోనూ కాలు పెట్టలేదు పాపం.

మొదటి గోలీది హంసలదీవి. చిన్నప్పట్నుంచీ వలలు లాగిన చేతులు. బంతి ఆ చేతుల్లో పడిందంటే చేప పడ్డట్టే, ఇక జారదు. అతనికి జలుబు చేసినట్టు కూడా ఎవరూ ఎరగరు. అలాంటివాడు కూడా మంచమెక్కిన ఏడు అది. పంతొమ్మిది వందల యాభై ఏడు. ప్రపంచమంతా తిరిగి తిరిగి ఫ్లూ జ్వరం బందరు కూడా వచ్చింది. మా నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయనకి భోజనం చేసే తీరికే ఉండేది కాదు. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇద్దరు పడుకుని ఉంటే ఒకరు గంజి కాస్తుండేవాళ్లు.

జ్వరాల మూలంగా కాలేజీవాళ్లు మిగతా మ్యాచిలన్నీ రద్దు చేసి, గుడివాడ కాలేజీతో ఏటా ఆడేది మాత్రం ఉంచారు. సరిగ్గా దానికి ముందు హంసలదీవి అబ్బాయికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి ఊరెళ్లిపోయాడు. అన్నయ్య ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు.

"అమ్మా, నేనే ఆడుతున్నా! పరవాన్నం చెయ్యి!"

"వాడెవరికో జ్వరమొస్తే మనింట్లో పరవాన్నమా? సిగ్గుండాలిరా," అంది అమ్మ. అని, చేసింది.

ఆ పరవాన్నం అరిగేలోపే మ్యాచి వాయిదా పడింది. మా టీములో ఇంకో ఐదుగురు మంచమెక్కారు. రావద్దని మా గేమ్స్ మాస్టారు గుడివాడకి కార్డు రాశారు. బయల్దేరుతున్నామని వాళ్లూ రాశారు. రెండు కార్డులూ దారిలో ఎదురుపడి ఉంటాయి. కార్డు అందని గుడివాడ జట్టు రైలెక్కి వచ్చేసింది. మాస్టారు స్టేషనుకి పరిగెత్తి, దూరంగా నిలబడి గొడుగు ఊపుతూ కేకలు పెట్టారు.

"దిగొద్దు బాబూ, దిగొద్దు! ఇక్కడ జ్వరాలు!"

రైలు పెట్టెలో ఉన్న మిగతా జనం కూడా దిగకుండా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారట. గుడివాడ కెప్టెన్ తలుపులోంచి అరిచాడు.

"బందరు ఆఖరి స్టేషనండీ! దిగకపోతే రైలుని సముద్రంలోకి తోలమంటారా?"

ఆ కెప్టెన్ మీ తాతయ్యేనా అని అడగబోతున్నావు, నాకు తెలుసు. కాదు. మీ తాతయ్య బంతి కనిపిస్తే పక్క వీధిలోంచి పోయేవారు.

గుడివాడవాళ్లు అదే రైల్లో వెనక్కి పోయారు. మళ్లీ రోజు కుదరడం పెద్ద తంటా అయింది. ఆదివారం మాకు చర్చి. మంగళవారం ప్రయాణమంటే కెప్టెన్ వాళ్లమ్మ ఒప్పుకోదు. ఒక గురువారం అనుకుంటే అది అమావాస్య అయి కూర్చుంది. ఇంకో వారం మా టీములో మొవ్వ, పామిడిముక్కల కుర్రాళ్లు నాట్లున్నాయని ఇళ్లకి పోయారు. చివరికి ఒక శనివారం ఖాయమైంది. ఉపవాసం ఉండే ఇద్దరు కూడా ఇడ్లీలు తిని ఆడతామన్నారు.

ఈలోగా అన్నయ్యకి ఇంకో బెంగ పట్టుకుంది. మ్యాచి వెనక్కి జరిగినకొద్దీ హంసలదీవి అబ్బాయి కోలుకుంటున్నాడు. లేచి కూర్చున్నాడని ఒక కబురు, అన్నం తిన్నాడని ఇంకో కబురు. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో జబ్బుపడ్డవాళ్ల కోసం తలా ఒక మాట చెప్పాలి. అన్నయ్య వంతు వచ్చింది.

"ప్రభువా, మా గోలీని స్వస్థపరచండి. కానీ తొందరేం లేదు."

నాన్న కళ్లు తెరిచి చూశారు. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మాస్టారు ఈసారి జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించారు. ఎవరి గ్లాసు వాళ్లదే. ఒకరు చీకిన నిమ్మచెక్క ఇంకొకరు ముట్టకూడదు. చేతులు కలపడాల్లేవు, నమస్కారాలే. చూసేవాళ్లు చాపకీ చాపకీ మధ్య మనిషంత ఎడం వదలాలి. అన్నిటికంటే పెద్దది థర్మామీటరు, నోట్లో పెట్టి చూడాలి. జ్వరం తొంభై తొమ్మిది దాటితే ఆట లేదు. ఆ పని నాన్న చెయ్యాలి. ఆస్పత్రి వదిలి రాలేక థర్మామీటరూ స్పిరిటు సీసా నా చేతికిచ్చి పంపారు. నేనప్పుడు అదే కాలేజీలో ఇంటర్ మొదటేడు. ఒక్కొక్కరూ నోట్లో పెట్టుకుని తిరిగిస్తే, చూసి పుస్తకంలో రాసి, స్పిరిటుతో కడిగి తరవాతివాళ్లకి ఇవ్వడం.

శనివారం గుడివాడవాళ్లు పదకొండుమందీ వచ్చారు, అందరికీ సరిగ్గానే ఉంది. మావాళ్లలో ఆఖర్న అన్నయ్య వచ్చాడు. థర్మామీటరు చూస్తే తొంభై ఐదు! నాన్న పక్కన ఇన్నేళ్లు పెరిగాను. తొంభై ఐదు ఉన్నవాడు బూట్ల తాళ్లు బిగిస్తూ నిలబడతాడా? వెనక్కి చూస్తే ఐసులో పెట్టిన సోడాల పెట్టె, దాని పక్కన మూడు ఖాళీ సీసాలు.

"చెయ్యెత్తు," అన్నాను.

"ఎందుకే?"

"చంకలో పెట్టాలి. ఎత్తు."

నూట ఒకటి. అన్నయ్య మొహం చిన్నబోయింది. మెల్లిగా అన్నాడు.

"అమ్మడూ, ఒక్క అంకె మార్చి రాయవే. ఇది పోతే నాకింక లేదు. హంసలదీవి వాడు వచ్చేస్తున్నాడు. జన్మంతా సోడాలు కాసినవాడిగానే మిగిలిపోతాను."

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. మూడేళ్లుగా వాడి బూట్లకి వాడే ఆముదం రాసుకోవడం చూసినదాన్ని. కానీ గీత అవతల గుడివాడ కుర్రాళ్లు నవ్వుకుంటూ బంతి తంతున్నారు. సాయంత్రం రైలెక్కి ఎవరింటికి వాళ్లు పోతారు. ఆ ఇళ్లల్లో మంచం పట్టినవాళ్లూ చంటిపిల్లలూ ఉంటారు. నూట ఒకటి అని రాశాను. అన్నయ్య వెళ్లి, ఎవరికీ తగలకుండా దూరంగా కాలవ గట్టు మీద కూర్చున్నాడు.

గోలీ లేడు కాబట్టి ఎవరో ఒకర్ని నిలబెడతాం అన్నారు మాస్టారు. గుడివాడ కెప్టెన్ ఒప్పుకోలేదు.

"గోలీ లేని గోల్లో గోల్ కొట్టామంటే మా ఊళ్లో మొహాన ఉమ్మేస్తారండీ. రెండు వారాలాగి వస్తాం. ఈసారి కార్డు కాదు, టెలిగ్రాం ఇవ్వండి!"

రెండు వారాలకి అన్నయ్య జ్వరం తగ్గింది. హంసలదీవి అబ్బాయి కూడా రాయిలా తయారై దిగాడు. పేర్ల కాగితంలో గోలీ అని రాసినచోట అతని పేరే. అన్నయ్య వెళ్లి సోడాల పెట్టె పక్కన కూర్చున్నాడు. వాడి వంక చూడలేక నేను థర్మామీటరు కడిగిందే కడుగుతున్నాను.

హంసలదీవి అబ్బాయి వంతు వచ్చింది. నోట్లోంచి తీసి ఇచ్చాడు. నూట మూడు! ఉలిక్కిపడి మొహంలోకి చూశాను. చెమట లేదు, కళ్లెరుపు లేదు. గుప్పున టీ వాసన మాత్రం కొట్టింది. గేటు బయట టీ బండి దగ్గర అప్పటిదాకా నిలబడిందెవరో నేను చూస్తూనే ఉన్నాను.

"ఒళ్లు కాలిపోతోంది చెల్లెమ్మా," అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. "సోడా చల్లబరిస్తే ఇంకోటి వేడెక్కిస్తుందటగా, కుర్రాళ్లు చెప్పుకుంటున్నారు. నేను ఆడకూడదు కదా? రాసెయ్యి."

చెయ్యెత్తమని నేను అనలేదు. థర్మామీటరు ఏం చూపించిందో అదే రాశాను. మాస్టారు పుస్తకం చూసి లబోదిబోమన్నారు, అన్నయ్యని పిలిచారు. వాడు లేచిన ఊపుకి సోడాల పెట్టె బోర్లా పడింది. హంసలదీవి అబ్బాయి దాన్ని నిలబెట్టి, దర్జాగా పక్కన కూర్చున్నాడు.

"వెళ్లరా, వెళ్లు! ఇవాళ గోలీసోడాని నేను!"

మ్యాచి సంగతా? మూడు గోల్స్ పడ్డాయి. నాలుగోది అన్నయ్య పొట్టతో ఆపాడు. బంతిని కావలించుకుని బురదలో పడి, మాస్టారు వచ్చి అడిగినా వదల్లేదు. ఓడిపోయిన టీములో అంత సంబరంగా ఇంటికొచ్చినవాణ్ణి నేనింకెవర్నీ చూళ్లేదు. తరవాత యాభై ఏళ్లపాటు వాడు చెప్పింది ఆ నాలుగో బంతి గురించే. మిగతా మూడూ అసలు పడలేదనుకుంటారు వినేవాళ్లు.

ఆ సాయంత్రం నాన్న ఆస్పత్రి నుంచి వచ్చి పుస్తకం తిరగేశారు. ఒకచోట వేలు ఆగింది.

"ఏమే, నూట మూడున్నవాడు మన వీధిలో మీ అన్నయ్యని భుజాన వేసుకుని గంతులేస్తున్నాడు. చంకలో పెట్టి చూశావా?"

"లేదు నాన్నా."

"ఎందుకని?"

"నోట్లో పెట్టి చూడమనేగా మాస్టారు రాసింది!"

నాన్న పుస్తకం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"ఏమోయ్, ఆ నూట మూడు జ్వరం కుర్రాణ్ణి కూడా భోజనానికి పిలు. ఇంకాస్త పరవాన్నం చెయ్యి!"