నాలుగు గ్రాముల జుసన్

దామెలి మా విభాగానికి మొదట చీపురు పట్టుకునే వచ్చింది. నేను ఉద్యోగంలో చేరడానికి చాలా ఏళ్ల ముందు సంగతి అది. మా విభాగం పెద్ద రిమ్మా సవేల్యెవ్నా చెబితే తెలిసింది.

పైన తిరిగే అంతరిక్ష కేంద్రానికి మనుషులు లేని సరకు నౌకలు మా స్తెప్పీ గడ్డి మైదానం నుంచే వెళతాయి. ఇంధనం, నీళ్లు, పరికరాలు, బట్టలు అన్నీ ఎక్కాక చిట్టచివర ఎక్కేవి తాజా పండ్లు, ఉల్లిపాయలు, వెల్లుల్లి. వాటిని ఏరి, తుడిచి, ఒక్కోదానికీ కాగితం చుట్టి పెట్టెల్లో పేర్చడం మా పని.

ఆ రోజు నేల తుడుస్తున్న దామెలి ఆగి, ఒక పెట్టెలోంచి ఆపిల్ తీసి పక్కన పెట్టిందట.

"ఏయ్, ముట్టుకోకు!" అని రిమ్మా అరిచింది.

"ఇది లోపల కుళ్లిందండీ."

"నీకెలా తెలుసు?"

"వాసనొస్తోంది కదా. మీకు రావట్లేదా?"

కోసి చూస్తే గింజల చుట్టూ నల్లగా ఉంది. దామెలి తోరెతామ్ స్టేషన్లో తాష్కెంట్ బండి ఆగే కాసేపట్లో కిటికీల దగ్గర పండ్లు అమ్ముతూ పెరిగిన మనిషి. పుచ్చు పండు అంటగడితే వారం తిరక్కుండా అదే బండి కండక్టరు దిగివచ్చి తిట్టిపోసేవాడు. అలా పదునెక్కిన ముక్కు ఆమెది. నెల తిరిగేలోగా రిమ్మా ఆమె చేతిలో చీపురు లాక్కుని తెల్లకోటు తొడిగింది.

నాకు పని నేర్పింది దామెలి అక్కే. "అలా నొక్కకు, చెల్లీ. పసిపిల్ల బుగ్గ పట్టుకున్నట్టు పట్టుకో," అనేది. నిమ్మకాయలను స్పిరిట్ గుడ్డతో తుడుస్తూ వాటితో మాట్లాడేది కూడా.

ఒకసారి టీవీలో ఎవరో, పైన ఉన్న కమాండర్‌ని అక్కడ ఏం గుర్తొస్తుందని అడిగారు. "వాన వాసన," అన్నాడాయన. "ఇక్కడ ఏది చూసినా ఇనుము కంపే." ఆ మాట దామెలి మనసులో ఉండిపోయింది. వానను పంపలేం. కానీ మా దగ్గర వాన పడితే లేచే వాసన మట్టిది కాదు, జుసన్‌ది. మాచిపత్రి జాతి గడ్డి అది, చేదుగా, ఘాటుగా ఉంటుంది. కొడుకు సైన్యానికి వెళ్లినా, కూతురు అత్తారింటికి వెళ్లినా మూటలో ఒక రెమ్మ పెట్టడం మా ఇళ్లల్లో అలవాటు. దామెలి కూడా వేలెడంత రెమ్మ తెచ్చి, అడుగు వరసలో ఒక ఆపిల్‌కి చుట్టిన కాగితంలో దాచి పంపింది. ఆ తర్వాత ప్రతి నౌకకీ పంపింది. మా దగ్గర ప్రతి గ్రాముకీ జాబితా ఉంటుంది. జుసన్ మాత్రం ఏ జాబితాలోనూ లేదు. పక్కనే కూర్చునే నాకు కూడా తెలియదు.

పన్నెండో రెమ్మ వెళ్లిన నౌక చేరలేదు.

చలికాలం, ఎండ కాస్తున్న పొద్దుటి పూట. అందరం పెరట్లో నిలబడి రాకెట్ లేవడం చూశాం, చప్పట్లు కొట్టాం, లోపలికొచ్చి పాలు కలిపిన టీ పోసుకున్నాం. కప్పు సగమైనా కాలేదు, రిమ్మా ఫోన్ మోగింది. ఆమె విని, పెట్టేసి, "పోయింది," అంది. "కక్ష్యలోకి చేరకుండానే పడిపోయింది."

"అందులో మనుషులెవరూ లేరుగా," అన్నారెవరో ఓదార్పుగా.

"పైన ముగ్గురున్నారు," అంది రిమ్మా. "నాలుగు నెలలకే తిండి ఉంది."

దామెలి ఇంటికి వెళ్లి మొగుడు యెర్మెక్‌కి అంతా చెప్పుకుని ఏడ్చింది. అతను ఒంటెలు కాచే మనిషి. పకపకా నవ్వాడట.

"నీ పిడికెడు గడ్డికే అంత రాకెట్టు పడిపోతే, మన ఒంటె మీద ఈగ వాలినప్పుడల్లా అది బోర్లా పడాలి కదే!"

"నవ్వకు. లెక్కలో లేనిది పెట్టాను."

"అయితే వెళ్లి చెప్పు. చెప్పకపోతే నీకు తిండి సయించదు, నాకు వండవు."

మర్నాడు నా ముందే రిమ్మాకి చెప్పింది. రిమ్మా పని ఆపి అడిగింది:

"ఎన్నిసార్లు?"

"పన్నెండు."

"రాకెట్ దానివల్ల పడలేదు, ఆ పిచ్చి వదిలెయ్. కానీ దామెలీ, ఆ రెమ్మలో పురుగు గుడ్లుంటే? బూజుంటే? గాలి కూడా బయటికి పోని గదుల్లో ఉంటున్నారు వాళ్లు. ఎవరికైనా ఊపిరాడకపోతే డాక్టరు ఎక్కడినుంచి వెళ్లాలి?"

కుళ్లును వాసనతో పట్టే మనిషికి ఈ ఆలోచనే రాలేదు. రాకెట్ పడిపోవడం కన్నా ఈ మాటే ఆమెకి ఎక్కువ గుచ్చుకుందని నాకనిపించింది.

రిమ్మా అధికారులకి కాగితం రాయక తప్పలేదు. విచారణలో లోపం ఇంజనులో దొరికింది. గడ్డికీ దానికీ సంబంధం లేదని కూడా ఎవరో ఓపిగ్గా ఒక వాక్యం రాశారు. అయినా దామెలిని పండ్లు ఏరే బల్ల దగ్గర్నుంచి తీసి పెట్టెలు కడిగే పనికి వేశారు. ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం పెట్టెలు కడిగే తొట్టి దగ్గర్నుంచే వాసన పట్టి చెప్పేది. "చెల్లీ, ఎడమ పక్క పెట్టె, రెండో వరస. ఏదో తేడాగా ఉంది చూడు." చూస్తే ఉండేది.

వసంతంలో తర్వాతి నౌక వెళ్లింది. రెండు రోజులకి తనంతట తానే కేంద్రాన్ని చేరి అతుక్కుంది. అందరం కావలించుకున్నాం. దామెలి తొట్టి దగ్గరే ఉండిపోయింది.

"చూశావా, నా గడ్డి లేదు, చేరింది," అంది.

"అక్కా, ఇంకోసారి ఆ మాటంటే ఈ నీళ్లు నీ నెత్తిన పోస్తాను," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

నాలుగో రోజు రిమ్మా చేతిలో కాగితంతో వచ్చింది. పైన ఇప్పుడున్న కమాండర్ పంపిన సమాచారం. అన్నీ అందాయి, పండ్లు బాగున్నాయి, తలుపు తీయగానే ఆపిల్ వాసన వచ్చింది. ఆఖర్న ఇంకో మాట ఉంది. రిమ్మా దాన్ని గట్టిగా చదివింది.

"ఈసారి గడ్డి పంపలేదేం? ఒక్క కాగితం వదలకుండా విప్పి చూశాం. పాత రెమ్మలన్నీ కట్టగా కట్టి పడుకునేచోట పెట్టుకున్నాం. మాకు ముందున్నవాళ్లు జాగ్రత్తగా అప్పజెప్పి వెళ్లారు. అక్కడ వానలు లేవా?"

దామెలి తడి చేతులు కోటుకి తుడుచుకుని, "ఇంకోసారి చదవండి," అంది.

"ఎందుకు, చెవుడా?" అంది రిమ్మా. అంటూనే మళ్లీ చదివింది.

ఆ తర్వాత రెండు నెలలు రిమ్మా గడ్డి పంపే అనుమతి కోసం కాగితాలతో కుస్తీ పట్టింది. వ్యోమగాముల డాక్టరు మొదట ససేమిరా అన్నాడు, తర్వాత షరతులు పెట్టాడు. పూత ఉండకూడదు, ఆకే ఉండాలి. వేడిలో ఎండబెట్టాలి. పరీక్షలో బూజు కనిపించకూడదు. సన్నటి గుడ్డ సంచిలో కుట్టాలి. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం యెర్మెక్ మమ్మల్ని తన డొక్కు జీపులో మైదానంలోకి తీసుకెళ్లాడు. పట్నం చెప్పులతో వచ్చిన రిమ్మా బురదలో చీలమండల దాకా కూరుకుపోయింది.

"పైకి పంపేది గడ్డినా, నన్నా?" అని అరిచింది.

"మీరు జాబితాలో లేరండీ!" అంది దామెలి.

ఎన్ని నెలలైందో ఆమె అలా నవ్వి.

పరీక్షశాల మొదటి సంచిని తిప్పి పంపింది, రెండోదాన్నీ తిప్పి పంపింది. రెండుసార్లూ దామెలి ఎవర్నీ తిట్టకుండా మళ్లీ ఏరింది. పురుగు గుడ్లెలా ఉంటాయో చూపించమని పరీక్షశాల అమ్మాయిని అడిగి, భూతద్దంలో చూసి నేర్చుకుంది. మూడోది నెగ్గింది. జాబితాలో వెల్లుల్లి కింద కొత్త వరస చేరింది: జుసన్, ఎండినది, నాలుగు గ్రాములు. ఎదుట సంతకం దామెలిది. ఆమెను మళ్లీ బల్ల దగ్గరికి తీసుకున్నారు; నేను ఆమె కుర్చీ ఖాళీ చేసి, నా పాత స్టూలు మీదికి హాయిగా వచ్చేశాను.

ఆ నౌక వెళ్లే రోజు ఆమె పెరట్లోకి వచ్చింది కానీ చప్పట్లు కొట్టలేదు. రెండు రోజులూ మామూలుగానే పని చేసింది, మాటలు తగ్గించింది. నౌక కేంద్రానికి అతుక్కుందని రిమ్మా వచ్చి చెప్పినప్పుడు చేతిలో ఉన్న ఉల్లిపాయను కింద పెట్టి, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుంది. తర్వాత అడిగింది:

"తర్వాతి నౌక ఎప్పుడండీ? నిమ్మకాయలు తెచ్చేవాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టాలి. ఈసారి వచ్చినవాటి తొక్క మరీ పల్చగా ఉంది."