మెసొపొటేమియా దాటని మనిషి

ఒవీడ్ మెలాన్సన్ మా కాలేజీలో ప్రపంచ నాగరికత కోర్సులో పదమూడుసార్లు చేరాడు. పదమూడుసార్లూ రెండు వారాలు వచ్చి, మెసొపొటేమియా పాఠం అవగానే మానేశాడు. దక్షిణ లూసియానా చిత్తడి నేలల్లో మొండిఘటాలకు కొదవ లేదు గానీ, ఏటా ఇంత క్రమం తప్పకుండా ఒకే చోట ఆగిపోయే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆయన మా కాలేజీ బాయిలర్ మెకానిక్. ఆ కోర్సు చెప్పేది నేను. టీచరు కావాలన్నా, చరిత్రే ముఖ్యాంశంగా డిగ్రీ చేసే మేజర్‌లో చేరాలన్నా ముందు ఆ కోర్సు రెండు భాగాలూ పాసవ్వాలి. అవి లేకపోతే మూడో ఏడు గుమ్మం తొక్కనివ్వరు. మొదటి భాగం ఏడాదికి ఒక్కసారే మొదలవుతుంది, ఉన్నవి నలభై సీట్లు. పేర్లు రాసుకునే రోజున మధ్యాహ్నం భోజనాల వేళకే అయిపోతాయి. ఉద్యోగులకి మాత్రం ఒకరోజు ముందే రాయించుకునే వీలుంది కనుక, నా జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ ఒవీడ్‌దే.

క్లాసులో ఆయనంత శ్రద్ధగా రాసుకునేవాడు లేడు. నేను తుమ్మినా నోటుపుస్తకంలో ఎక్కేది. రెండు వారాల్లో పుస్తకం నింపేసి, మూడో వారం మాయమయ్యేవాడు.

ఫలితంగా ఆయనకి ప్రపంచంలో ఒక్క మెసొపొటేమియా మాత్రమే క్షుణ్ణంగా తెలుసు. ఊళ్ళో ఏం జరిగినా అక్కడికే ముడిపెట్టేవాడు. కాలువ పొంగి రోడ్డు మునిగితే, టైగ్రిస్ నది ముందు ఇదెంత అనేవాడు. మా క్యాంటీన్ కప్పు కారినప్పుడు కాంట్రాక్టరును పక్కకి పిలిచి, ఇల్లు కూలి యజమాని చచ్చిపోతే కట్టినవాడి ప్రాణం తియ్యమన్నాడు హమ్మురాబి అని మెల్లగా చెప్పాడు. కాంట్రాక్టరు ఆ బాబిలోను రాజును ఎవరో కొత్త డీన్ అనుకుని మర్నాడే కప్పు బాగుచేయించాడు. ఎర్ర రొయ్యల విందుల్లో బీరు పెద్ద కుండలో పోయించి, సుమేరియన్లు ఇలాగే తాగేవారని చుట్టూ గొట్టాలు పెట్టించేవాడు. ఆ పద్ధతిలో ఎవరెంత తాగారో తెలియక ఒకసారి ఇద్దరు పాస్టర్లు చిక్కుల్లో పడ్డారు.

మెసొపొటేమియా తరవాతి సంగతులు మాత్రం ఎవరినీ చెప్పనిచ్చేవాడు కాదు. ఒక పెళ్ళిలో ఎవరో రోము పతనం గురించి ఎత్తుకోగానే రెండు చెవులూ మూసుకున్నాడు.

"చెప్పకు. నేనింకా అక్కడిదాకా రాలేదు."

పక్కనే ఉన్న ఆయన భార్య ఉలలీ, "రావు కూడా. ఈజిప్టు పొలిమేరలో నీకేదో దయ్యం పట్టుకుంటుంది," అంది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ నాకు ఒళ్ళు మండేది. ఆయన మానేసిన రోజునే ఆఫీసు నుంచి ఎవరో ఒకరు కొత్తగా చేరిక చీటీ పట్టుకుని వచ్చేవారు. రెండు వారాల పాఠం పోయింది, ఇప్పుడు వీళ్ళని ఎక్కడినుంచి ఎత్తుకోవాలి అని విసుక్కుంటూ చేర్చుకునేదాన్ని. చిత్రం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మొదటి పరీక్షలో మెసొపొటేమియా మీద నూటికి నూరు వచ్చేవి. బుద్ధిమంతులు, వాళ్ళంతట వాళ్ళే చదువుకున్నారనుకున్నాను. చరిత్ర చెప్పేదాన్నే గానీ, కళ్ళెదుట ఆధారాలుంటే చూసే అలవాటు నాకు లేదు.

పద్నాలుగో ఏడు మా శాఖాధిపతి నన్ను పిలిచి, కోర్సు మధ్యలో మానేసేవాళ్ళ లెక్క చూసి పైవాళ్ళు అడుగుతున్నారని, ఆ బాయిలర్ పెద్దమనిషికి ఈసారి సీటు ఇవ్వొద్దని చెప్పాడు. నేను బాయిలర్ గదికి వెళ్ళాను.

"ఒవీడ్ గారూ, ఈసారి చివరిదాకా వస్తానని మాటిస్తేనే మీ పేరు రాస్తాను."

ఆయన చేతిలో పానా అటూ ఇటూ తిప్పాడు.

"అంత మాట ఇవ్వలేను పంతులమ్మా."

"అయితే మీ సీటు ఇంకొకరికి పనికొస్తుంది."

"పనికొస్తుంది," అని ఒప్పుకున్నాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి మొహం పెట్టి మళ్ళీ పైపుల కింద దూరాడు. నేను గెలిచాననుకుని వచ్చేశాను.

ఆ సెప్టెంబరులో, రెండు వారాలయ్యాక, క్లాసు గుమ్మంలో ఒకామె నిలబడింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులకింకా రొయ్యల వాసన. పేరు వెర్లీన్ బటిస్ట్ అని చెప్పింది. బాయిలర్ గదిలో లేడు, ఒవీడ్ మామ ఏడీ అని అడిగింది.

ఆయన ఈసారి చేరలేదన్నాను. ఆమె నిలుచున్నచోటే గోడకి ఆనుకుంది.

"మరి నా సీటో?"

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా సంగతంతా చెప్పింది. రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టులు సెప్టెంబరు మొదటి వారం దాటితే గానీ తేలవు. పగలు ఖాళీ దొరుకుతుందో లేదో తెలియకుండా అక్కడివాళ్ళు క్లాసుకి పేరు రాయించుకోలేరు. తెలిసేసరికి ఇక్కడ సీట్లు ఉండవు, ఏడాది పోతుంది. అందుకని ఫ్యాక్టరీలో ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటే: టీచరు చదువు చదవాలంటే బాయిలర్ గదికి వెళ్ళి ఒవీడ్ మామని కలవండి, ఆయన సీటు పట్టి ఉంచుతాడు.

"రెండు వారాల నోట్సు కూడా ఇస్తాడంట. అక్షరం ముక్క పోకుండా రాస్తాడంట కదా?"

నేను తిన్నగా ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మిసెస్ హేబేర్ నేను ఒవీడ్ పేరెత్తగానే సొరుగు లాగి, పదమూడు జతల చీటీలు నా ముందు పెట్టింది. ప్రతి జతలో ఒకటి ఒవీడ్ మానేస్తున్నట్టు, ఇంకొకటి అదే నిమిషాన మరొకరు చేరుతున్నట్టు. నేనడిగేదాకా నాకు చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నాడట. ఆ పేర్లు చదువుకుంటూ పోయాను. పదిమంది ఇప్పుడు మా చుట్టుపక్కల బళ్ళల్లో టీచర్లు. ఏడో పేరు మా అబ్బాయికి నాలుగో తరగతి చెబుతున్న ఆమెది. మావాడికి లెక్కలు రావడం లేదని ఇంటికొచ్చి మరీ నేర్పిన మనిషి.

బాయిలర్ గదిలో ఆయన సాండ్‌విచ్ తింటున్నాడు. పదమూడు జతల చీటీలూ బల్లమీద పరిచాను. తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా నమలడం ఆపేశాడు.

"మొదటేడు నిజంగా చదువుదామనే వచ్చానమ్మా. గుమ్మంలో ఒకబ్బాయి రబ్బరు బూట్లతో నిలబడ్డాడు. వాడలా నిలబడితే నేను కుర్చీలో ఎట్లా కూర్చోను? తరవాతేడు ఇంకొకరొచ్చారు. అట్లా అలవాటైపోయింది."

"మరి మీకు చదవాలని లేదా?"

"లేకేం? ఈజిప్టులో ఏమైందో అడగబుద్ధేసి ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో."

నేనప్పుడు అనుకున్నది చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలాక, సాయంత్రం ఆరింటికి ఇంకో క్లాసు పెడతానని శాఖాధిపతికి చెప్పాను. ఆలస్యంగా మొదలైనా శనివారాలు కూడా చెప్పి పూర్తిచేస్తానన్నాను. కనీసం పదిహేనుమంది ఉండాలి, ఎవరొస్తారు అన్నాడాయన. ఆ కాగితం ఒవీడ్‌కి ఇచ్చాను. ఒక్క మధ్యాహ్నం భోజన విరామంలో ఫ్యాక్టరీ అంతా తిరిగి ముప్ఫయ్యొక్క పేర్లు రాయించుకొచ్చాడు. మొదటి పేరు వెర్లీన్‌ది. ఆఖరున, కాగితంలో చోటు లేక అంచున నిలువుగా రాసింది, ఆయనది.

మెసొపొటేమియా చెప్పిన రెండు వారాలూ నాకు పని లేదు. నేనొక మాట తప్పితే వెనక బెంచీ నుంచి సవరణ వచ్చేది. మూడో వారం ఈజిప్టు మొదలుపెట్టిన సాయంత్రం క్లాసు క్లాసంతా పాఠం మానేసి వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది. ఒవీడ్ కొత్త నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, "కానివ్వండి పంతులమ్మా," అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో నైలు నది గురించి పడుకోనివ్వకుండా చెప్పాడని ఉలలీ నాకు ఫిర్యాదు చేసింది. ఫిర్యాదుతో పాటు పెద్ద గిన్నెడు గంబో పులుసు కూడా తెచ్చింది.

మొదటి భాగం పాసయ్యాడు. వసంతంలో రెండో భాగం ఆఖరి పరీక్షకి నూటికి ఎనభై ఎనిమిది వచ్చాయి. మర్నాడు జవాబు పత్రం పట్టుకుని నా గదికి వచ్చి, హైతీ విప్లవం ప్రశ్నలో రెండు మార్కులు ఎందుకు తగ్గాయని అడిగాడు. అక్కడినుంచి పారిపోయి మన లూసియానాకి వచ్చినవాళ్ళ సంగతి రాయలేదు, అందుకని అన్నాను. రాశానన్నాడు. లేదన్నాను. అరగంట దెబ్బలాడుకున్నాం. చివరికి ఆయన పేజీ తిప్పి చూపించాడు. వెనకవైపు, పైనుంచి కిందిదాకా రాసి ఉంది. చూసుకోనిదాన్ని నేనే.

తొంభై చేసి, అదే కలంతో చరిత్ర మేజర్‌లో చేరే కాగితం మీద కూడా సంతకం పెట్టాను. అప్పటికాయనకి అరవై మూడేళ్ళు. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మార్కుల కోసం నాతో దెబ్బలాడి గెలిచినవాడు ఆయనొక్కడే. ఆ ఓటమి సంగతి స్టాఫ్ రూములో వారం రోజులపాటు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే చెప్పుకు తిరిగాను.