నళిని కొన్న అంగళ్లు

హోసూరులో మూడు తరాలుగా వేరుశనగ నూనె ఆడిస్తున్న ఇల్లు నళినిది. తాత పెట్టిన గానుగను నాన్న మిల్లుగా మార్చాడు. నాన్న పోయాక ఆ మిల్లు ఆమె చేతికి వచ్చింది. అప్పటికే ప్యాకెట్ నూనెలు ప్రతి వీధిలోకీ వచ్చేశాయి. ఒక్క నూనెనే నమ్ముకుంటే మిల్లుకు తాళం వేసుకోవలసిందేనని ఆమెకు అర్థమైంది. కొత్తగా ఒకటి మొదలుపెట్టి తంటాలు పడడం కంటే, నడుస్తున్నదాన్ని కొనుక్కోవడం మేలనుకుంది. బాగలూరు దారిలో చూసుకునే దిక్కులేక అమ్మకానికి వచ్చిన మసాలా పొడుల మిషన్‌ను కొంది. అది నిలబడింది. తర్వాత కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ. అదీ నిలబడింది. మిల్లులో చేసేవాళ్లెవరినీ మానిపించవలసిన అవసరం రాలేదు. ఆ సంగతి తలుచుకుని ఆమె లోలోపల పొంగిపోయేది.

మూడోది గంగాభవాని కాఫీపొడి అంగడి. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. భర్త పోయాక భవాని ఒక్కతే గింజలు వేయించి, పొడి ఆడించి, అంగడిని లాక్కొచ్చింది. మోకాళ్లు మొరాయించాక తనే నళిని ఇంటికి వచ్చింది.

“యాడో తెలీనోళ్లకు ఇచ్చేదానికన్నా నీకిస్తే నాకు నిద్ర పడుతుందే. ఒక్కటే అడుగుతాను. పొద్దున పూట నేను ఆడ కూర్చుంటాను. వచ్చేవాళ్లతో నాలుగు మాటలు ఆడకుంటే నాకు దినం గడవదు.”

“అదేం అడగడం భవానీ? ఎప్పటికీ అది నీ అంగడే,” అంది నళిని.

కొంతకాలం అలాగే జరిగింది. ఈలోగా నళిని కొడుకు యశ్వంత్ చదువు ముగించి వ్యాపారంలోకి వచ్చాడు. నూనె, పొడులు, గుజ్జు, కాఫీ అన్నీ ఒకే చోట అమ్మితే బాగుంటుందని, జూజువాడి దగ్గర హైవే పక్కన పెద్ద షాపు చూశాడు. సందులో కాఫీ అంగడికి కారు ఆపుకునే చోటు కూడా లేదన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. నళిని సరేనంది. భవానికి తనే వెళ్లి చెప్పాలనుకుంది. మామిడికాయల కాలం, కృష్ణగిరికీ హోసూరుకీ తిరగడంతోనే సరిపోయింది. నిజానికి తీరిక లేకపోవడం కాదు, ఆ మాట నోట రాలేదు. రేపు, రేపు అంటూ ఉండగానే యశ్వంత్ కాఫీ అంగడి సామాను ఎత్తుకురమ్మని లారీ పంపించేశాడు.

సంగతి తెలిసి నళిని పరుగున వెళ్లేసరికి గింజలు వేయించే డ్రమ్ము లారీ ఎక్కేసింది. భవాని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

“నేనే వచ్చి చెప్పాలనుకున్నాను…”

“చెప్పింటే వద్దనేదాన్నా? ‘లెయ్యమ్మా, కుర్చీ ఎక్కించాల’ అన్నారు. లేచినాను.”

“జూజువాడిలో నీకు ఇంతకన్నా మంచి కుర్చీ వేయిస్తాను.”

“ఆడ దిగేవాళ్లు నాకెవరు తెలుసు? పొడి కొంటారు, బండెక్కి పోతారు.”

ఆ నెలలోనే భవాని కృష్ణగిరిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

హైవే షాపు బాగా నడిచింది. కానీ ఊళ్లో ఏ పాత అంగడి మెట్టెక్కినా ఓనరు గబుక్కున లేచి నిలబడడం నళిని గమనించింది. గాజులు కొందామని వెళితే, “మేము అమ్మడం లేదమ్మా,” అన్నాడు గాజుల అంగడాయన నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. గాజులు మాత్రం కొనకుండానే తిరిగొచ్చింది.

అలాంటి రోజుల్లో డెంకణికోట నుంచి తిమ్మరాయప్ప వచ్చాడు. ఆయనది రాగులు ఆడించే పిండిమిల్లు. ఆ చుట్టుపక్కల అడవి అంచు పల్లెలన్నిటికీ అదే దిక్కు.

“మీ నాయన కాలం నుంచీ మీ ఇల్లు నాకు తెలుసమ్మా. నువ్వు తీసుకుంటే మిల్లు తిరుగుతుందని వచ్చినాను.”

“వద్దప్పా. నా చేతికొచ్చింది ఏదీ పాతమాదిరి ఉండదు. మీరే పెట్టుకోండి.”

“పెట్టుకునే బలముంటే ఇంత దూరం వస్తానా?”

నళిని మెత్తబడలేదు. ఆయన్ను సాగనంపాక ఈసారి మంచిపని చేశాననుకుంది. తిమ్మరాయప్ప మిల్లును స్థలం కోసం వెతుకుతున్నవాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు మిషన్లను పాత ఇనుముకు వేసి, గోడలు పడగొట్టారు. పల్లెల ఆడవాళ్లు ఇప్పుడు రాగుల మూటలు బస్సులో వేసుకుని వేరే ఊరికి పోతున్నారని నళినికి తెలిసింది.

కృష్ణగిరి వెళ్లినప్పుడు ఆ సంగతి భవానితో చెప్పుకుంది.

“నాకు చేసినదానికని ఆయప్పను ఉత్త చేతుల్తో పంపినావా?” భవానికి కోపం వచ్చింది. “నువ్వు కొన్నందుకా నేను బాధపడింది? లారీకన్నా ముందు నువ్వు రాలేదే, అందుకు.”

“ఇప్పుడు వచ్చి కూర్చుంటావా? పాత చోటే మళ్లీ తీసుకుంటాను.”

“ఇప్పుడొద్దులే. ఈడ అలవాటైపోయినాను.”

మరుసటి వారం నళిని మిల్లు సంగతి తిమ్మరాయప్పతో మాట్లాడాలని డెంకణికోట వెళ్లింది. తిమ్మరాయప్ప ఆదరంగా లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. యశ్వంత్‌కు పెళ్లి సంబంధాలు చూస్తున్నారా అని అడిగాడు. ఈ ఏడు ఏనుగులు రాగిచేలను తొక్కిన సంగతి చెప్పాడు. మిల్లు మాట ఆయన ఎత్తలేదు. ఎత్తే ధైర్యం నళినికీ లేకపోయింది. ఎండ తగ్గాక లేచి, వస్తానని చెప్పి, కారెక్కింది.