రిబ్బన్ కట్టని క్రిస్మస్

కుక్కల పిన్నితో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. గెలిచామనుకుని ఇంటికెళ్లి, చెప్పులు విప్పుకుంటూ ఉండగా ఓడిపోయిన సంగతి తెలుసుకున్నవాళ్లు మాత్రం డజను మంది దాకా ఉంటారు.

ఆవిడ ఇరవయ్యారేళ్లు ప్రసూతి వార్డులో ఆయాగా చేసింది. పెద్ద డాక్టరంతటివాడు కూడా ఆవిడ తుడిచిన నేల ఆరేదాకా గుమ్మంలోనే ఆగేవాడట. రిటైరయ్యాక ఆవిడ తమ్ముడు తన దుకాణం వెనక గది ఇచ్చి ఉండమన్నాడు. ఆయనది వీధి మలుపులో పెంపుడు జంతువుల దుకాణం. గది ఊరికే ఇవ్వలేదు లెండి. బొద్దమ్మ అనే తల్లికుక్క కాన్పులూ, దాని పిల్లల పెంపకమూ ఆ గదితో పాటే అక్కగారి నెత్తిన పడ్డాయి. తమ్ముడి కాపురం దుకాణం మీది అంతస్తులో. అట్లా తొమ్మిదేళ్లు గడిచాయి.

గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు ఆవిడవి. మిగిలిందంతా కుక్కలదే. పాత తలుపు చెక్కలతో కట్టిన దడి మూలనుంటుంది. దాని ఒక వైపు చెక్క మూరెడే ఎత్తు. తల్లి దాటగలదు, పిల్లలు దాటలేవు. "ఎంత కన్నతల్లికైనా కాస్సేపు తప్పించుకునే దారుండాలి, లేకపోతే పిచ్చెక్కుతుంది" అంటుంది పిన్ని. ఇది ఆవిడ వార్డులో నేర్చుకున్న సంగతి. దడి మీద వెచ్చదనానికి ఒక బల్బు కిందికి వేలాడుతుంది. ఒక్కో పిల్ల మెడలో ఒక్కో రంగు ఊలు దారం. పొద్దున్నే పిల్లల్ని వంటింటి త్రాసులో ఒకటొకటిగా తూచి, బరువు గోడ మీద పెన్సిలుతో రాస్తుంది. ఏ పిల్లయినా నిన్నటి బరువు దగ్గరే ఆగిపోయిందంటే ఆ పూట ఆవిడకి ముద్ద దిగదు.

పిల్ల గడప దాటడానికి ఆవిడ లెక్క ఎనిమిది వారాలు. ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోదు. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెబుతుంది. "తోడబుట్టినదాన్ని గట్టిగా కొరికితే అది కెవ్వుమంటుంది, ఆట మానేస్తుంది. ఎంత వరకూ కొరకొచ్చో అట్లా తెలుస్తుంది. ఆ చదువు మనం చెప్పలేం, ఇంకో కుక్కే చెప్పాలి."

అంతటి మనిషి కూడా పోయిన క్రిస్మస్‌కు తమ్ముడి పోరు పడలేక తలొగ్గింది. ఆరు వారాల పిల్లల్ని నాలుగింటిని తనే స్నానం చేయించి, తనే మెడకు ఎర్ర రిబ్బన్ కట్టి, తనే బుట్టల్లో పెట్టి పంపింది. జనవరి దాటకముందే రెండు తిరిగొచ్చాయి. ఒకదాన్ని పదకొండు రోజులు బాత్రూమ్‌లో పెట్టి తలుపేశారు. పసివాడి చెయ్యి కొరికిందట. తెచ్చినాయన దాన్ని కౌంటరు మీద పెట్టి, "మా ఆవిడకి అసలు కుక్కలంటేనే పడదండీ" అన్నాడు. మరి కొనేముందు ఆ ఆవిడకి నోరు లేదా అని పిన్ని అడగలేదు. అడగనందుకు ఏడాదంతా తనని తనే తిట్టుకుంది. పైగా ఆ పిల్ల చెయ్యి చాపితే చాలు ఒంటికి పోసుకునేది. దాన్ని ఒడిలో పెట్టుకుని ఆ సాయంత్రం ఏడ్చేసింది. ఆ రిబ్బన్ కట్టింది తన చేతులే కదా.

ఇక ఈ ఏడాది సంగతి. తమ్ముడు క్యాలెండరు మనిషి. బొద్దమ్మ పోయినసారి ఎదకొచ్చిన రోజుకు ఆరు నెలలు కలిపాడు, దానికి అరవై మూడు రోజుల చూలు కలిపాడు, ఎనిమిది వారాల పాలు కలిపాడు. అన్నీ కలిపితే సరిగ్గా క్రిస్మస్ ముందు రోజుకు వచ్చింది. ఇంకేం, ఆగస్టులోనే ఆరు పిల్లలకు ఆరుగురి పేర్లు రాసేసుకున్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. బొద్దమ్మ మాత్రం క్యాలెండరు చూడలేదు. మూడు వారాలు ఆలస్యంగా ఎదకొచ్చింది, నవంబరు ఇరవైన ఆరు పిల్లల్ని పెట్టింది. ఆరు పిల్లలన్న లెక్కొక్కటే తమ్ముడు చెప్పినట్టు జరిగింది.

డిసెంబరు రెండో వారంలో తమ్ముడు ఆరు వెదురు బుట్టలూ, ఒక రిబ్బన్ చుట్టా తెచ్చి ఆవిడ మంచం మీద పెట్టాడు.

"ఇవెందుకురా?" అంది పిన్ని.

"ఇరవై నాలుగో తారీఖుకు అక్కా. అందరికీ మాటిచ్చేశాను."

"ఆ రోజుకు వీటికి ఐదు వారాలు కూడా నిండవు. జనవరి పదిహేనుకి ఎనిమిది నిండుతాయి. అప్పుడు రమ్మను."

"జనవరి పదిహేనున ఎవడికక్కా బహుమతి కావాల్సింది? కుక్కపిల్లని చూసి పిల్లలు ఎగిరి గంతేస్తారు. నీకెందుకంత కడుపుమంట?"

"గంతు ఒక్క పూట వేస్తారు. కుక్క పదమూడేళ్లు బతుకుతుంది. మధ్యలో దాని పెంట ఎత్తేది ఎవరో ఆ మనిషిని అడిగారా?"

తమ్ముడి దగ్గర కూడా ఒక అస్త్రం ఉంది. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఆ వీధిలోనే ఉంటాడు. నాలుగేళ్ల కిందట కూతురు చెప్పాపెట్టకుండా క్రిస్మస్‌కు కుక్కపిల్లని తెచ్చి ఒళ్లో పెట్టింది. భార్య పోయాక గుమ్మం దాటని మనిషి, ఇప్పుడు దాన్ని వెంటేసుకుని రోజూ రెండు పూటలా నడుస్తున్నాడు. "ఆయన్ని చూసి మాట్లాడు" అన్నాడు తమ్ముడు. పిన్నికి ఆ పోస్ట్‌మానంటే ఇష్టమే, ఆ కుక్కంటే మరీ ఇష్టం. ఆ మాట ఒప్పుకుంది కూడా. ఒప్పుకుని, "ఈత రానివాడొకడు బావిలో పడి బతికాడని అందర్నీ తోసేస్తావుట్రా?" అంది.

తమ్ముడికి ఒళ్లు మండింది. బొద్దమ్మను కొన్నది తను, గది తనది, దుకాణం తనది. ఆ మూడూ వేలు మడిచి మరీ చెప్పాడు. "పిల్లల్ని ఇస్తావా, గది ఖాళీ చేస్తావా? ఇరవై నాలుగు దాకా టైమిస్తున్నా."

గది పోతే ఆవిడకి వేరే దిక్కు లేదు. అరవై నాలుగేళ్ల వయసులో మంచం, స్టవ్వు పట్టుకుని ఎక్కడికెళ్తుంది? పైగా బొద్దమ్మ ఆవిడతో రాదు. ఆ రాత్రి ఆవిడకి భయమేసింది. తెల్లారేసరికి భయం పోయి మొండితనం మిగిలింది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమేంటి అనుకుని, త్రాసు తీసి పిల్లల్ని తూచడం మొదలుపెట్టింది.

ఇరవై నాలుగో తారీఖు వచ్చింది. పిన్ని పిల్లల్ని దాచలేదు, తలుపు గడియ పెట్టలేదు. దుకాణానికీ గదికీ మధ్య తలుపు బార్లా తెరిచి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల దడిలో బొద్దమ్మ పక్కకు వాలి ఉంది. ఆరు పిల్లలూ పొట్టకు అంటుకుపోయి, ముందుకాళ్లతో నొక్కుతూ పాలు తాగుతున్నాయి.

మొదట వచ్చింది బ్యాంకు మేనేజరు. తమ్ముడు నవ్వు పులుముకుని బుట్ట అందించాడు. పిన్ని లేచి నిలబడింది.

"రండి బాబూ. లోపలే ఉన్నాయి. నచ్చినదాన్ని మీ చేత్తో మీరే తల్లి దగ్గర నుంచి లాక్కుని పట్టుకెళ్లండి. నేను అడ్డు రాను. రిబ్బన్ మాత్రం నేను కట్టను."

మేనేజరు వంగి చెయ్యి చాపాడు. పిల్ల చన్ను వదల్లేదు. బొద్దమ్మ గుర్రుమనలేదు, తలెత్తి ఆయన మొహంలోకి చూసింది, అంతే. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇంకా పాలు తాగుతున్నాయా? నాకు చెప్పలేదే" అన్నాడు తమ్ముడి వైపు తిరిగి. జనవరి పదిహేనున భార్యనీ కూతుర్నీ తీసుకొస్తానని, ఉత్త బుట్ట పట్టుకుని వెళ్లాడు.

కొత్త పెళ్లికొడుకొకడు దడి పక్కన చతికిలబడి అరగంట చూసి, భార్యకు ఫోన్ చేసి అడిగాడు. ఆవిడ వద్దంది. వాడు బతికిపోయానన్నట్టు నవ్వి వెళ్లిపోయాడు. పళ్ల డాక్టరమ్మ జనవరికే సరేనంది. మిగతా ఇద్దరూ మాత్రం నోటికొచ్చినట్టు అరిచారు. అందులో ఒకాయన, "ఈ ముసలమ్మ పెత్తనమేంటి, కుక్కలు ఈ దుకాణంలోనే దొరుకుతాయా?" అని విసురుగా వెళ్లాడు. ఎక్కడో ఒకచోట ఆయనకు దొరికే ఉంటుంది. ప్రపంచంలో కుక్కలన్నిటికీ తను కాపలా కాయలేదని పిన్నికి తెలుసు. ఆ పూటకు తన కాపలా ఈ ఆరింటికే.

ఐదుగురూ వెళ్లాక తమ్ముడి మొహం కందగడ్డయింది.

"ఆరోది నాది. మనవడికని నా పేరే రాసుకున్నా. నన్నెవరాపుతారో చూస్తా!"

"ఆపనని చెప్పాగా" అంది పిన్ని.

అతను దడిలోకి వంగి, ఆకుపచ్చ దారం పిల్లని ఒక్క గుంజు గుంజాడు. చన్ను నోట్లోంచి జారిన చప్పుడు ఆవిడకి వినపడింది. పిల్ల అరిచింది. అతను బుట్ట కూడా తీసుకోకుండా పైకి మెట్లెక్కాడు. బొద్దమ్మ లేచింది, మూరెడు చెక్క దాటింది, పొట్ట ఊగుతుంటే ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెనకే పోయింది. మెట్ల మీద పాలచుక్కలు పడ్డాయి. పిన్ని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇరవయ్యారేళ్ల వార్డు పనిలో కూడా అంత కష్టంగా ఆవిడెప్పుడూ కూర్చోలేదు.

పైన మాటలు వినిపించలేదు. కాస్సేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. మరదలు దిగుతోంది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు పెరిగిందని ఎవరూ విన్నది లేదు. చేతుల్లో ఆకుపచ్చ దారం పిల్ల, వెనక బొద్దమ్మ, దాని వెనక తమ్ముడు.

"వదినా, గది ఖాళీ చెయ్యమన్నారట కదా" అంది మరదలు. "చేస్తే చెప్పు, నేనూ నీతోనే వస్తా. పెళ్లైన ఏడాది నాకని చిలకని తెచ్చారు. పెద్దాడి పుట్టినరోజుకు చేపల తొట్టి. చిన్నదానికి కుందేళ్లు. ఇప్పుడు మనవడికి కుక్క. ఇచ్చి మురిసిపోయింది ఈయన. ముప్పయ్యేళ్లుగా తొట్టి కడిగిందీ, పంజరం తుడిచిందీ, చచ్చినవాటిని పాతిపెట్టిందీ నేను. ఇక నా వల్ల కాదు."

తమ్ముడు మెట్టు మీదే ఆగిపోయాడు. "ముప్పయ్యేళ్లలో ఒక్క రోజైనా నాతో అన్నావా?"

"మీరు ఒక్క రోజైనా అడిగారా?"

పిన్ని లేచి మరదలి చేతుల్లోంచి పిల్లని అందుకుంది. దాని గుండె ఆవిడ అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది.

"ఒరేయ్, గది నేను ఖాళీ చెయ్యను" అంది తమ్ముడితో. "ఆరోది కావాలంటే జనవరి పదిహేనున నువ్వూ అందరితో పాటే వచ్చి నిలబడు. పెంట ఎత్తేది నువ్వేనని నీ పెళ్లాం ముందు ఒప్పుకుంటే ఇస్తా. లేకపోతే నీకూ లేదు."

తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. బొద్దమ్మ అతన్ని పట్టించుకోకుండా పిల్ల వెనకే గదిలోకి పోయింది.