అక్క సర్ఫ్‌బోర్డు

అలల మీద స్వారీ చేసే సర్ఫ్‌బోర్డులను చెక్కే అతని చేతులు ఊరికే ఉండవు. అన్నం తింటూ కూడా కంచం అంచు నిమిరి చూస్తాడు. బయటివాళ్ల బోర్డులు వారంలో ఇచ్చేస్తాడు గాని, అక్క కోసం చేసినది మూడు నెలలుగా బల్ల మీదే ఉంది. పూత ఆరిపోయినా, ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. కిందటేడు అతను చేసిన బోర్డు మీంచి పడబట్టే ఆమె భుజం విరిగింది. ఇవాళ పొద్దున్నే అక్క వచ్చి కొత్తదాన్ని చంకన పెట్టుకుంది.

"ఎడమకి లాగుతుందేమో అక్కా, ఇంకొక్క రోజాగు."

"ఇంకా రుద్దితే గాలే మిగులుతుందిరా!"

ఆమె నీళ్లలో ఉన్నంతసేపూ అతను ఒడ్డున కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూడో అల మీద లేచి నిలబడి, ఆమె ఒడ్డుదాకా వచ్చేసింది.

"లాగిందా?"

"లేదురా. అప్పుడు పడ్డదీ నా తప్పే. సిగ్గేసి చెప్పలేదు."

"ఏడాది పాటా దాచావు!" అని అరిచి, అతను బోర్డు లాక్కుని చొక్కాతోనే నీళ్లలోకి దిగిపోయాడు.